వాన నీటి డ్రమ్ములో దోమలు పెరగకుండా చూసుకోవడం

తోట కోసం వాన నీటిని పట్టి ఉంచిన డ్రమ్ములో దోమ పురుగులు కనిపించగానే, ఆ నీళ్ళలో ఏం పోయాలన్న ఆలోచనే చాలామందికి మొదట వస్తుంది. దానికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయి: గుడ్లు పెట్టడానికి దోమ లోపలికి ఎలా వెళ్ళింది, లోపల పెరిగిన దోమ బయటికి ఎలా వస్తోంది. ఈ రెండు దారులూ మూసుకుంటే మందుల అవసరం చాలావరకు ఉండదు. దారులు తెరిచి ఉంచి మందు వేస్తే, ఆ మందును వాన కాలమంతా మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉండాలి. అందుకే డ్రమ్మును బిగించుకోవడాన్నే అసలు పనిగాను, మందును రెండో రక్షణగాను చూడడం మంచిది.

వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. చలి పెరిగేకొద్దీ ఆ వ్యవధి కూడా పెరుగుతుంది. గుడ్డు నుంచి వచ్చే లార్వా నాలుగు దశల్లో ఎదుగుతుంది. నీటిలోని సూక్ష్మజీవులను, కుళ్ళిన ఆకుల నలుసులను తింటూ, గాలి కోసం తరచుగా నీటి ఉపరితలానికి వస్తుంది. డ్రమ్ముల్లో సాధారణంగా కనిపించే రకాల లార్వాలు తోక చివరి సన్నని గొట్టాన్ని పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. ఆ తరువాత వచ్చేది ప్యూపా దశ. కామా గుర్తులా వంగి, దొర్లుతున్నట్టు కదిలే ఈ ప్యూపా ఏమీ తినదు. తినిపించి చంపే మందులేవీ దానిపై పనిచేయవు గనుక, నీటిలో ఏ దశ ఉందో గుర్తుపట్టిన తరువాతే ఏం చేయాలో నిర్ణయించుకోవాలి.

గుడ్లు ఎక్కడ ఉంటాయన్నది కూడా అంతే ముఖ్యం. క్యూలెక్స్ దోమ 100 నుంచి 300 గుడ్లను ఒక చిన్న తెప్పలా అతికించి నీటి మీద వదులుతుంది. డెంగీ, చికున్‌గున్యా వ్యాధులను మోసే ఏడిస్ దోమ మాత్రం నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడ మీద గుడ్లను విడివిడిగా అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయిన స్థితిలో కూడా నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ వాన కురిసి నీటి మట్టం వాటిని తాకినప్పుడు పొదుగుతాయి. నీళ్ళు పారబోసి డ్రమ్మును ఎండబెట్టిన వారం తరువాత మళ్ళీ పురుగులు కనిపించడానికి తరచుగా కారణం ఇదే. గోడను రుద్ది కడగకపోతే నీళ్ళు మార్చినా ఫలితం సగమే.

డ్రమ్ము మూతికి కట్టే తెర విషయంలో తొందరపడకూడదు. అంగుళానికి ఒక వైపు 18, రెండో వైపు 16 పోగులు ఉండే మామూలు కిటికీ దోమతెర ఈ పనికి సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తెర గాని ఫైబర్‌గ్లాస్ తెర గాని ఎంచుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చవక ప్లాస్టిక్ వల ఎండకు పెళుసుబారి అంచుల దగ్గర చిరుగుతుంది, ఆ చిరుగు పైనుంచి చూస్తే కంటికి ఆనదు కూడా. తెరను మూతి మీద బిగువుగా పరిచి, అంచును డ్రమ్ము బయటి వైపు బెత్తెడు కిందికి మడిచి, బిగించే పట్టీతో గాని గట్టి తాడుతో గాని చుట్టూ ఎక్కడా సందు లేకుండా కట్టాలి. మధ్యలో కుంగిన తెరను నీరు తాకితే ఆ తడి మీదనే, లేదా దాని కన్నుల గుండానే దోమ గుడ్లు పెట్టగలదు. కనుక తెర బిగువు సడలకుండా చూసుకోవడంతో పాటు, నీరు ఎప్పుడూ దానికి కనీసం బెత్తెడు దిగువనే ఆగేటట్టు, ఎక్కువైన నీటిని బయటికి వదిలే పొర్లు గొట్టాన్ని అమర్చుకోవాలి.

దోమ గుడ్డు అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ పొడవు ఉంటుంది కాబట్టి ఏ కిటికీ తెర కూడా దాన్ని ఆపలేదు. ఆకులు అడ్డుపడి చూరు కాలువలో నిలిచిన నీటిలో పెట్టిన గుడ్లు, అప్పుడే పుట్టిన లార్వాలు వానతో పాటు తెరను దాటి డ్రమ్ములోకి కొట్టుకువస్తాయి. అయితే లోపల ఎదిగిన దోమకు ఆ తెర గుండా బయటపడే వీలు లేదు. తెర రెండు వైపులా కాపలా కాస్తుందన్న సంగతి తెలిస్తే, మూత ఉన్నా కింద పురుగులు కనిపించినప్పుడు కంగారు పడనక్కరలేదు. చూరు కాలువను మాత్రం ఆకులు తీసి, నీరు నిలవకుండా గొట్టం వైపు వాలు ఉండేటట్టు సరిచేయాలి. గొట్టం నుంచి నీరు పడే చోట కాస్త పెద్ద కన్నుల జల్లెడను ముందు పెడితే ఆకులు అక్కడే ఆగి, దోమతెర పూడిపోకుండా ఉంటుంది.

మూతి ఒక్కటే దారి కాదు. పొర్లు గొట్టం చివర, రెండు డ్రమ్ములను కలిపే గొట్టం చేరే చోటు, చూరు నుంచి వచ్చే గొట్టానికి మూతకు మధ్య మిగిలే సందు, వాడకుండా వదిలేసిన రంధ్రాలు, ఇవన్నీ దోమకు తలుపులే. పొర్లు గొట్టం చివరకు కూడా అదే తెరను పట్టీతో బిగించాలి. మిగిలిన సందులను సిలికాన్ సీలెంటుతో గాని రబ్బరు వాషరుతో గాని పూడ్చాలి. సందులు పట్టుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది: డ్రమ్ము ఖాళీగా ఉన్నప్పుడు లోపల వెలిగించిన టార్చిలైటు పెట్టి, మూత బిగించి, చీకటి పడ్డాక బయటి నుంచి చూడాలి. తెర కన్నుల గుండా కాక మరెక్కడ వెలుగు కనిపించినా అది మూయవలసిన చోటే. మూత పైభాగం పల్లంగా ఉంటే దాని మీద నిలిచే కాసిని నీళ్ళు, కుళాయి కింద చుక్కచుక్కగా కారి ఏర్పడే గుంట కూడా దోమకు చాలు. డ్రమ్మును జాగ్రత్తగా మూసి ఈ రెండింటిని వదిలేసేవారే ఎక్కువ.

ఇక పురుగులు ఇప్పటికే పట్టిన డ్రమ్ము సంగతి. నీళ్ళు తక్కువగా ఉంటే వాటిని ఎండిన మట్టి మీదనో మొక్కల పాదుల్లోనో, ఇంకిపోయే చోట పోసేయడమే ఉత్తమం. నీరు ఇంకగానే లార్వాలు, ప్యూపాలు చనిపోతాయి, నీరు కూడా వృథా కాదు. మురుగు కాలువలోకి పారబోస్తే వాటిని మరో చోటికి చేర్చినట్టే అవుతుంది. తరువాత గట్టి కుచ్చుల బ్రష్షుతో లోపలి గోడను, ముఖ్యంగా నీటి మట్టం గుర్తు పడిన పట్టీని, బాగా రుద్ది, అడుగు మడ్డి తీసి, కడిగిన నీటిని కూడా పొడి నేల మీదనే పోయాలి.

డ్రమ్ము నిండుగా ఉండి నీళ్ళు వదులుకోలేకపోతే బీటీఐ వాడవచ్చు. బాసిల్లస్ థురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే ఈ బ్యాక్టీరియాను 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దోమ లార్వాలున్న ఒక నీటి మడుగులో కనుగొన్నారు. ఇది తయారుచేసే ప్రొటీన్ స్ఫటికాలను లార్వా తిన్నప్పుడు, దాని పేగులోని క్షార గుణానికి అవి కరిగి విషంగా మారి పేగు గోడను ఛేదిస్తాయి. సాధారణంగా ఒక రోజులోనే లార్వా చనిపోతుంది. మొక్కలకు, తేనెటీగలకు, చేపలకు, పెంపుడు జంతువులకు దీనివల్ల హాని ఉండదు. నీటిపై తేలే బిళ్ళ రూపంలో దొరికే రకం దాదాపు 30 రోజులు పనిచేస్తుంది. మోతాదును ప్యాకెట్టు మీద రాసిన ప్రకారం, నీటి లోతును బట్టి కాక ఉపరితలం విస్తీర్ణాన్ని బట్టి వేయాలి. గొంగళి పురుగుల కోసం మొక్కలపై చల్లే బీటీ మందు వేరే రకం, అది దోమలపై పనిచేయదు. కొనేటప్పుడు పేరు పూర్తిగా చదవాలి. ప్యూపాలు తినవు గనుక మందు వేసిన తరువాత కూడా కొన్ని రోజుల పాటు కొత్త దోమలు వస్తూ ఉండవచ్చు. మెథోప్రీన్ అనే మరో రకం మందు లార్వాను చంపదు, ఎదిగి దోమ కాకుండా ఆపుతుంది. దాన్ని వేసిన నీటిలో పురుగులు కదులుతూ కనిపిస్తే మందు విఫలమైందని అనుకోకూడదు.

నీటిపై నూనె పొర వేయడం చాలా పాత పద్ధతి. 1901లో క్యూబా రాజధాని హవానాలో దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్‌ను అణచడానికి అమెరికా సైనిక వైద్యుడు విలియం గోర్గాస్ ఆధ్వర్యంలోని పారిశుధ్య బృందాలు నీటి తొట్లకు మూతలు, తెరలు పెట్టించడంతో పాటు నిలవ నీటిపై కిరసనాయిలు పోయించాయి. పొర వల్ల గాలి అందక లార్వాలు, ప్యూపాలు రెండూ చస్తాయన్నది నిజమే గాని, తోటకు వాడే నీటిలో కిరసనాయిలు మొక్కలను చంపుతుంది. వంటనూనె అంత ప్రమాదకరం కాకపోయినా గాలికి, వానకు పొర చెదిరిపోతుంది, కొన్నాళ్ళకు ముక్కిపోయి వాసన వేస్తుంది. ప్యూపాలు నిండిన డ్రమ్మును వెంటనే ఖాళీ చేయలేని రోజున వంటనూనెను పలచని పొరగా వేసి, అడుగు కుళాయి నుంచే నీళ్ళు తీసుకుంటూ, చివరి నాలుగు అంగుళాల నీటిని మొక్కలకు దూరంగా పోయడం వరకు ఫరవాలేదు. బ్లీచింగ్, సబ్బు నీళ్ళు మాత్రం తోట నీటిలో వేయవద్దు.

గంబూసియా, గప్పీ చేపలు లార్వాలను తింటాయి. కాని ఎండకు వేడెక్కే చిన్న డ్రమ్ములో చేప బతకడం కష్టం, మొక్కలకు నీళ్ళు పోసి డ్రమ్ము ఖాళీ అయిన రోజు దాని గతి ఏమిటన్నది కూడా ఆలోచించాలి. పైగా గంబూసియాను చెరువుల్లో, వాగుల్లో వదిలితే అక్కడి చిన్న చేపలకు, కప్పపిల్లలకు ముప్పు.

వారానికి ఒక రోజు నిర్ణయించుకుని, తెల్లని గిన్నెతో డ్రమ్ము అంచు దగ్గర నీళ్ళు ముంచి చూడడం అలవాటు చేసుకోవాలి. తెల్లని అడుగు మీద చిన్న లార్వా కూడా స్పష్టంగా కనిపిస్తుంది. గిన్నె నీడ పడగానే అవి కిందికి జారుకుంటాయి, అందుకే ఒక్క వేటులో ముంచాలి. వానలు పూర్తిగా ఆగాక డ్రమ్మును ఖాళీ చేసి, గోడను రుద్ది కడిగి, బోర్లించి ఉంచాలి. మళ్ళీ వానలు మొదలవకముందే తెరను వెలుగుకు ఎత్తి చిరుగులు చూసుకుని, గోడను మరోసారి రుద్దిన తరువాతే నీరు పట్టాలి.