ఆస్పత్రి గడప తొక్కే ముందు: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి కొన్ని సూచనలు

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో దిగిన కొద్ది రోజుల్లోనే అద్దె ఇల్లు, ఫోను, బ్యాంకు ఖాతా, పాత కారు అన్నీ చకచకా అమర్చుకునే మన పిల్లలు, ఆరోగ్య బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం జీతంలోంచి అన్నిటికంటే తక్కువ కోసే ప్లాను ఏదో చూసి, దాని మీద టిక్కు పెట్టి, ఆ సంగతే మరిచిపోతారు. మా అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక తమ్ముడు కూడా అదే చేశాడు. ఈమధ్య ఒక ఆదివారం రాత్రి కడుపునొప్పి వస్తే, కాఫీ దుకాణానికీ లాండ్రీకీ మధ్య అద్దాల తలుపులతో మెరిసిపోతున్న ఒక చిన్న ఆస్పత్రిలోకి నడుచుకుంటూ వెళ్లాడు. లోపల జనం లేరు. కూర్చోగానే మంచినీళ్ల సీసా ఇచ్చారు, పావుగంటలో డాక్టరు చూశారు, రక్తం తీశారు, సీటీ స్కాన్ చేశారు, భయపడాల్సిందేమీ లేదని చెప్పి మాత్రలు రాసి పంపించారు. "హైదరాబాదులో కార్పొరేట్ ఆస్పత్రుల కంటే ఇదే నయం అన్నా" అని మర్నాడు నాతో మెచ్చుకున్నాడు కూడా. నెలన్నర తర్వాత కవరు వచ్చింది. వేల డాలర్లలో ఉన్న ఆ అంకె పొరపాటున పడిందేమోనని నా దగ్గరికి పట్టుకొచ్చాడు. పొరపాటేమీ లేదు. అతను వెళ్లింది చిన్న చిన్న జబ్బులు చూసే అర్జెంట్ కేర్‌కి కాదు, ఎమర్జెన్సీ రూమ్‌కి.

ఈ ఒక్క తేడా మీ తలకెక్కితే, ఈ వ్యాసంలో మిగతాది చదవకపోయినా నాకు బాధ లేదు. పెద్ద ఆస్పత్రి ఆవరణలో కాకుండా షాపింగ్ సెంటర్లలో విడిగా నడిచే ఎమర్జెన్సీ రూములకు లైసెన్సులిచ్చే చట్టాన్ని టెక్సాస్ 2009లో చేసింది. ఆ తర్వాత అవి శివారు ఊళ్లన్నిటా వెలిశాయి. బయటినుంచి చూస్తే అర్జెంట్ కేర్‌కీ వాటికీ తేడా కనబడదు, బిల్లులో మాత్రం కనబడుతుంది. ఎందుకంటే ఎమర్జెన్సీలో డాక్టరు ఫీజు వేరు, ఆ వసతిని రాత్రింబగళ్లు సిద్ధంగా ఉంచినందుకు వేసే ఫెసిలిటీ ఫీజు వేరు, స్కాన్ వేరు, దాన్ని చదివిన రేడియాలజిస్టు వేరు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పేరులో ఎమర్జెన్సీ అనో ఈఆర్ అనో ఉంటుంది, 24 గంటలూ తెరిచే ఉంటుంది. అర్జెంట్ కేర్ చాలావరకు రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో తలుపులు మూసేస్తుంది. కాబట్టి అర్ధరాత్రి తెరిచి ఉన్న చోటల్లా ఒక నిమిషం ఆగి బోర్డు చదవండి. జ్వరం, గొంతునొప్పి, బెణికిన కాలు, వాంతులు వంటివైతే ముందు మీ బీమా కార్డు వెనక నర్సు లైను నంబరు ఉందేమో చూసి దానికి ఫోన్ చేయండి. చాలా ప్లాన్లలో ఉంటుంది.

అలాగని ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో కూర్చుని డబ్బు లెక్కలు వేయమని నేను చెప్పడం లేదు. అటువంటప్పుడు 911కి ఫోన్ చేయాలి, అంతే. ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని డబ్బున్నా లేకపోయినా పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలని 1986 నాటి చట్టం ఆస్పత్రుల మీద బాధ్యత పెట్టింది. చికిత్స ఆపరు, కానీ బిల్లు కూడా ఆపరు.

మా తమ్ముడు వెళ్లిన చోట కౌంటరులో "మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం" అన్నారట. తీసుకోకుండా ఎలా ఉంటారు? అడగవలసింది అది కాదు. "నా ప్లానుకు మీరు ఇన్-నెట్‌వర్కా?" అని ప్లాను పేరు చెప్పి అడగాలి, అడిగి బీమా కంపెనీ సైటులో కూడా సరిచూసుకోవాలి. ఆ బీమా కంపెనీతో ధరలు ముందే ఒప్పుకున్న డాక్టర్లు, ఆస్పత్రులే దాని నెట్‌వర్క్. ఎమర్జెన్సీ వరకైతే 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం కొంత అండగా ఉంది: నెట్‌వర్క్‌లో లేని ఎమర్జెన్సీకి వెళ్లినా, నెట్‌వర్క్‌లో ఉన్నట్టే మీ వాటా లెక్క కట్టాలి. రోడ్డు మీద నడిచే అంబులెన్సులకు ఆ చట్టం వర్తించదన్నది వేరే విషయం. అయితే మా వాడిని ఆ చట్టం కూడా ఆదుకోలేకపోయింది, ఎందుకంటే అతను ఎంచుకున్నది హై డిడక్టిబుల్ ప్లాను. డిడక్టిబుల్ అంటే బీమా తన వాటా కట్టడం మొదలుపెట్టేముందు ఏటా మనం కట్టవలసిన మొత్తం. అది తీరేదాకా, ఉచితంగా ఇచ్చే ముందుజాగ్రత్త సేవలు తప్ప మిగిలిన వైద్యానికి అయ్యే ఖర్చంతా మనదే. ఆ ప్లాను చెడ్డదని కాదు. దాన్ని తీసుకున్నవారు ప్రీమియంలో మిగిలిన సొమ్మును హెచ్ఎస్ఏ అనే ఆరోగ్య పొదుపు ఖాతాలో వేసుకోవాలి. 2025లో ఒంటరివారికి ఆ ఖాతాలో ఏడాదికి వేసుకోగల పరిమితి 4,300 డాలర్లుగా ఉండేది, ఉద్యోగం మారినా ఆ డబ్బు మనదే. ప్లాను తీసుకుని ఖాతాలో పైసా వేయకపోతే దాన్ని పొదుపు అనరు.

నేను వచ్చిన మొదటి నెలల్లో ఈ మాటలు చెప్పేవారెవరూ లేరు. ఇంటినుంచి తెచ్చుకున్న పారాసిటమాల్, యాంటీబయాటిక్ అట్టలు వంటగది సొరుగులో దాచుకుని, జ్వరమొస్తే అందులో వెతుక్కుని, దవడ వాచినా లవంగం నూనెతో నెట్టుకొచ్చాను. పంటి వైద్యానికి వేరే బీమా ఉంటుందని కూడా అప్పట్లో తెలియదు. ఏడాదికొకసారి చేయించుకునే ఆరోగ్య పరీక్షకు మన వాటా ఏమీ లేకుండా బీమా కంపెనీయే మొత్తం చెల్లించాలని 2010 నాటి ఒబామా చట్టం చెబుతోందన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే, ఒంట్లో బాగున్నప్పుడే, మొదటి నెలలోనే, నెట్‌వర్క్‌లో ఉన్న ఒక ప్రైమరీ కేర్ డాక్టరును, అంటే ఏ జబ్బుకైనా ముందుగా చూపించుకునే మామూలు డాక్టరును, వెతుక్కుని మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కొత్త రోగులకు వారాల తరబడి ఖాళీ దొరకదు, జబ్బు పడ్డాక వెతికితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆ పరీక్షలో పాత మోకాలి నొప్పి గురించి కూడా ఏకరువు పెడితే దానికి వేరే చార్జీ పడవచ్చు, అది కూడా గుర్తుంచుకోండి. ఎంఆర్ఐ వంటివి రాస్తే, ఆస్పత్రిలోనే చేయించుకోవాలని లేదు. విడిగా ఉండే ఇమేజింగ్ సెంటరులో అదే పరీక్ష తరచుగా చాలా తక్కువకు దొరుకుతుంది.

ఒకే పరీక్షకు ఇన్ని ధరలేమిటని మీకు కోపం రావడం సహజమే. ఆ కోపంతోనే శనివారం విందుల్లో అందరికీ వైద్యం అన్న చర్చ మొదలవుతుంది. ఒకరు మన ఆరోగ్యశ్రీయే నయమంటారు, ఇంకొకరు పన్నులు పెరిగితే ఎవరు కడతారంటారు, బిర్యానీ చల్లారిపోతుంది. వాదించేముందు కాస్త చరిత్ర తెలుసుకుంటే మంచిది. ఈ దేశంలో బీమా ఉద్యోగానికి అంటుకుపోవడం ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేస్తే, పనివాళ్లను ఆకర్షించడానికి కంపెనీలు బీమాను ఎరగా చూపాయి. 1954 నాటి పన్ను చట్టం ఆ బీమా సొమ్ముకు పన్ను లేదని ఖాయం చేసింది. జాతీయ బీమా కావాలని 1945లో అధ్యక్షుడు ట్రూమన్ అడిగితే వైద్యుల సంఘం సోషలిజమని గగ్గోలు పెట్టి ఆపించింది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ తెచ్చి, ట్రూమన్ సొంత ఊరికి వెళ్లి సంతకం చేసి మొదటి కార్డు ఆయన చేతికిచ్చాడు. 2010లో ఒబామా చట్టం వచ్చింది, పాత జబ్బులున్నవారికి బీమా నిరాకరించడం ఆగింది. 2017లో దాన్ని రద్దు చేయబోతే సెనేట్‌లో రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపడంతో అది నిలిచింది. ఆ చట్టం కింద మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రాల్లో మన టెక్సాస్ ఒకటి, బీమా లేనివారి శాతంలో దేశంలో మొదటి స్థానం కూడా దీనిదే.

సెనేటర్ బెర్నీ శాండర్స్ చెప్పే అందరికీ మెడికేర్ పథకంలో ప్రీమియంలు పోయి పన్నులు వస్తాయి. వ్యతిరేకించేవారు కెనడాలో స్పెషలిస్టు కోసం నెలలు ఎదురుచూడాలంటారు, ఉన్న మంచి బీమా పోతుందంటారు. ఆ రెండు భయాలూ ఉత్తివి కావు. కానీ "ఇతరుల వైద్యానికి నేనెందుకు కట్టాలి" అనే మన సాఫ్ట్‌వేర్ సోదరుల వాదన మాత్రం నాకు మింగుడుపడదు. మీ జీతం చీటీ తీసి చూడండి, మెడికేర్ అన్న పేరుతో 1.45 శాతం ప్రతిసారీ పోతూనే ఉంది. విద్యార్థి వీసా నుంచి హెచ్-1బీకి మారినవారికి అది కొత్తగా కనబడుతుంది. ఇక కంపెనీ ఉచితంగా ఇస్తోందనుకునే బీమా సంగతి: కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వే ప్రకారం 2024లో ఉద్యోగుల కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలో కోసేది 6,296, మిగతాది కంపెనీ కడుతుంది, అంటే మీ చేతికి రావలసిన జీతమే ఇంకో దారిలో పోతోంది. 2023లో ఈ దేశం వైద్యానికి తలకు 14,570 డాలర్ల చొప్పున, స్థూల దేశీయోత్పత్తిలో 17.6 శాతం ఖర్చు పెట్టింది. తక్కిన సంపన్న దేశాలు ఇంతకంటే చాలా తక్కువతో అందరినీ చూసుకుంటున్నాయి.

అందరికీ వైద్యం అంటే అన్నీ సర్కారు ఆస్పత్రులే కానక్కర్లేదు. బ్రిటన్ 1948లో ఆస్పత్రులను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది, కెనడాలో డాక్టర్లు సొంతంగా పనిచేస్తారు, బిల్లు రాష్ట్రం కడుతుంది, స్విట్జర్లాండులో ప్రైవేటు బీమాయే, కానీ కొనకుండా ఉండే వీలు లేదు. నన్నడిగితే అందరికీ బీమా ఉండి తీరాలి, దాన్ని ఎవరు నడపాలన్నది రెండో ప్రశ్న. ఆరోగ్యశ్రీతో పోల్చేవారికి ఒక మాట: 2007లో వచ్చిన ఆ పథకం పేదలకు పెద్ద ఆపరేషన్లు చేయించింది, అది చిన్న విషయం కాదు, కానీ రోజువారీ మందుల ఖర్చు మాత్రం చాలావరకు ఇంటివాళ్ల జేబులోంచే పోయింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి మార్కులు వేయడం తేలిక కాదు.

ఈ చర్చ తేలేసరికి మీకు నెరిసిన జుట్టు వస్తుంది, ఈలోగా బతకాలి. ఉద్యోగం పోయిందంటే బీమా కూడా పోతుంది. హెచ్-1బీ వాళ్లకు వేరే ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజుల గడువుంటుందని అందరికీ తెలుసు కానీ, పాత కంపెనీ బీమానే కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకోవడానికి కూడా కనీసం 60 రోజుల గడువుంటుందని చాలామందికి తెలియదు. కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన రెండు శాతం, మీరే కట్టాలి. పై సగటు లెక్కన కుటుంబానికి నెలకు రెండు వేల డాలర్లు దాటుతుంది. అయితే గడువులోగా ఎప్పుడు ఎంచుకుని బాకీ కట్టినా అది వెనకటి తేదీ నుంచే వర్తిస్తుంది కాబట్టి, రెండో నెలలో చెయ్యి విరిగినా దారి ఉంటుంది. దానికంటే చవక ప్లాను కావాలంటే 60 రోజుల్లోగా ప్రభుత్వ బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో చూడవచ్చు, హెచ్-1బీ వాళ్లకూ అర్హత ఉంది.

అమ్మానాన్నలను పిలిపించేవారికి విడిగా చెప్పాలి. వారికి మెడికేర్ రాదు, మీ కంపెనీ బీమాలో సాధారణంగా చేర్చుకోరు. విజిటర్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు, ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామనే ఫిక్స్‌డ్ రకం చవగ్గా ఉందని తీసుకోకండి, ఇక్కడి ధరలకు అది ఏ మూలకూ చాలదు. కాంప్రిహెన్సివ్ రకం తీసుకోండి. బీపీ, షుగర్ వంటి పాత జబ్బులు అందులోనూ సాధారణంగా ఉండవు, ఉన్నట్టుండి ముదిరితే మాత్రం పరిమితంగా ఇచ్చే ప్లాన్లున్నాయి, ఆ నిబంధన చదివి కొనండి. మందులు డాక్టరు చీటీతో సహా తెప్పించండి.

ఇక బిల్లు వచ్చాక ఏం చేయాలంటే, వెంటనే కట్టకండి. ఏ ఖర్చులో ఎవరి వాటా ఎంతో చెబుతూ బీమా కంపెనీ పంపే ఈఓబీ అనే కాగితంలో "మీరు చెల్లించవలసినది" అన్న అంకె, ఆస్పత్రి బిల్లులో అంకె ఒకటేనా చూడండి. దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అడగండి, వడ్డీ లేని వాయిదాలు అడగండి. మా తమ్ముడికి అలాగే వాయిదాలు దొరికాయి. లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ ఆదాయం తక్కువున్నవారికి సాయం చేసే విధానం ఉండాలని చట్టం చెబుతోంది, ఆ దరఖాస్తు అడగడంలో సిగ్గు లేదు. బాకీ కలెక్షన్స్‌కి, అంటే వసూలు కంపెనీల చేతికి పోయినా, అయిదు వందల డాలర్ల లోపు వైద్య బాకీలను మన అప్పుల చరిత్ర రాసే క్రెడిట్ బ్యూరోలు 2023 నుంచి లెక్కలోకి తీసుకోవడం లేదు, పెద్ద బాకీనైనా ఏడాది దాటాకే రాస్తాయి.

మరీ బెదరగొట్టానేమో. ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. 2010 చట్టానికి లోబడిన ప్లాను మీ దగ్గరుంటే, నెట్‌వర్క్‌లో చేయించుకున్న వైద్యానికి మీ వాటాకు ఏటా ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2025లో అది ఒక మనిషికి 9,200 డాలర్లను మించకూడదన్న నియమం ఉండేది. అంత కట్టిన తర్వాత గుండె ఆపరేషనైనా, కేన్సరు చికిత్సైనా, ప్లాను పరిధిలో ఉన్నదంతా బీమాదే. ఇల్లూ వాకిలీ అమ్ముకోవలసిన అవసరం రాదు, వైద్యం కూడా బాగుంటుంది, డాక్టర్లు మనం అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెబుతారు. కాన్పుకు సిద్ధమవుతున్నవారు మాత్రం, బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా కంపెనీ హెచ్ఆర్ పోర్టల్‌లో బిడ్డ పేరు బీమాలో చేర్చాలని మరవకండి. సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.