జర్మనీలో రూముకి ‘ఓకే’ అని మెయిల్ కొట్టే ముందు

మా అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోట బేరం ఎలా సాగుతుందో చూసే ఉంటారు. వ్యాపారి వచ్చి చెట్లన్నీ తిరిగి చూసి రేటు చెప్తాడు, రైతు సరే అంటాడు, అయినా అడ్వాన్స్ చేతిలో పడేదాకా బేరం కుదిరిందని ఇద్దరూ అనుకోరు. చదువుకోడానికి జర్మనీ వెళ్లే మన పిల్లలు ఇదే అలవాటుతో దెబ్బ తింటున్నారు.

అక్కడి సివిల్ చట్టాన్ని బీజీబీ అంటారు, 1900 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఒకరు ప్రతిపాదన పెట్టి, రెండోవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే ఒప్పందం అయిపోయినట్టే. స్టాంపు పేపరు, సాక్షులు, అడ్వాన్స్ ఏవీ అక్కర్లేదు, మన 1872 కాంట్రాక్ట్ చట్టం అడిగే ప్రతిఫలం, అంటే మాటకు బదులుగా ఇచ్చేది కూడా అక్కర్లేదు. ఇల్లు, స్థలం కొనాలంటే మాత్రం నోటరీ దగ్గరికి వెళ్లాల్సిందే. అద్దెకైతే మెయిల్‌లో రాసిన ‘ఓకే’ కూడా మిమ్మల్ని కట్టిపడేస్తుంది, కాబట్టి నాలుగు రూములకు ఓకే చెప్పి తర్వాత ఒకటి ఎంచుకుందాం అనుకోకండి.

నిరుడు మా వీధి అబ్బాయి ఒకడు ఫోన్ తెచ్చి చూపించాడు. ఓనరు రూము ఇస్తానని అద్దె ఎంతో రాశాడు. వీడు ‘తీసుకుంటాను, 20 యూరోలు తగ్గించండి’ అని జవాబిచ్చి, రూము తనదే అనుకుని టికెట్ కూడా బుక్ చేసుకున్నాడు. ఓనరు దాన్ని ఇంకొకరికి ఇచ్చేశాడు. పాపం, వాడికి ఒకటే టెన్షన్. కానీ బీజీబీ 150వ సెక్షన్ లెక్కన మార్పు అడుగుతూ ఒప్పుకోవడం అంటే పాత ప్రతిపాదనను కాదని కొత్తది పెట్టడమే, దానికి ఓనరు ఒప్పుకోవాల్సిన పనిలేదు. రూము నిజంగా కావాలంటే ముందు బేరం తేల్చుకోండి, ఆ తర్వాత ఒక్క షరతూ లేకుండా సరే అనండి, అదీ ఆలస్యం చేయకుండా, ఎందుకంటే ఆలస్యంగా చెప్పిన సరే కూడా కొత్త ప్రతిపాదన కిందికే వస్తుంది.

డిపాజిట్ విషయానికొస్తే, కరెంటు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపకుండా, మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది.

ఆన్‌లైన్‌లో కంపెనీ దగ్గర కొన్న చాలా వస్తువులకు 14 రోజుల్లో వద్దనుకునే హక్కు ఉంది. షాపుకి వెళ్లి కొన్నవాటికి, జిమ్‌లో కూర్చుని సంతకం పెట్టినవాటికి చట్టం ఆ హక్కు ఇవ్వదు. మెయిల్‌లో రేటు 580 అని కొట్టబోయి 850 అని కొట్టారా, తెలిసిన వెంటనే రద్దు చేస్తున్నానని చెప్పండి, నాన్చితే హక్కు పోతుంది, పైగా మీ మాట నమ్మి అవతలివాళ్లు పెట్టిన ఖర్చు మీ మీద పడొచ్చు. అవతలివాళ్లే మోసం చేసి ఒప్పించి ఉంటే, అది బయటపడ్డాక ఒక ఏడాది గడువు ఉంటుంది.

రూములో చేరడానికి నోటిమాట సరిపోతుంది గానీ ఖాళీ చేయడానికి సరిపోదు. ఖాళీ చేస్తున్నామని వాట్సాప్‌లో పెడితే చెల్లదు. కాగితం మీద రాసి, పెన్నుతో సంతకం పెట్టి, అది ఓనరుకి నెలలో మూడో పనిదినం లోపు చేరేలా చూడండి, మామూలు అద్దె ఒప్పందమైతే అప్పుడే ఆ నెలను కూడా మూడు నెలల నోటీసులో లెక్కేస్తారు. పోస్టులో వేసిన రోజు కాదు, చేరిన రోజే లెక్క.