పాత ఇంజిన్ ఆయిల్, అయిపోయిన బ్యాటరీలు: ఎలా దాచాలి, ఎవరికి ఇవ్వాలి

ఆమదాలవలసలో బైకుల షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. మొదటి నాలుగేళ్లు బండ్లలోంచి తీసిన నల్ల ఆయిలంతా షెడ్డు వెనక గోతిలో పోసేవాణ్ని. ఓ వానాకాలం పక్కింటి పిన్ని బిందె తెచ్చి నా ముందు పెట్టింది. "ఏటి బాబూ, బావి నీళ్లు ఇలాగ కిరసనాయిలు కంపు కొడతన్నాయి?" అంది. నీళ్ల మీద రంగురంగుల తెట్టు. ఆ గోతికీ బావికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. ఆవిడ మళ్లీ ఆ బావి నీళ్లు తాగలేదు. గొయ్యి పూడ్చేశాను గానీ, మట్టిలోకి ఇంకిన ఆయిల్‌ని వెనక్కి తీసే దారి లేదు.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు కాబట్టి దాన్ని దీనికి ముడిపెట్టను. కానీ నీళ్లంటే ఇప్పటికే భయపడుతున్న జిల్లా మనది. ఆ భయానికి మన చేత్తో ఇంకోటి కలపకూడదు.

ఆయిల్ మార్చే ముందు బండిని ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ పల్చబడి మురికితో సహా దిగుతుంది. చెయ్యి కాలేంత వేడి వద్దు. కింద వెడల్పాటి పాత బేసిన్ పెట్టి, గ్లౌజులు వేసుకుని డ్రెయిన్ బోల్టు విప్పండి. పావుగంట వదిలేయండి. ఫిల్టర్ ఉన్న బండయితే దాన్ని రాత్రంతా బోర్లించి ఉంచండి, అందులోనూ చాలా ఆయిల్ ఉంటుంది. తర్వాత గరాటు పెట్టి, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి మూత బిగించండి. మామూలు బైకుకు లీటరు డబ్బా చాలు. ట్రాక్టరుకు ఏడెనిమిది లీటర్లు దిగుతుంది, దానికి మూత ఉన్న పెద్ద క్యాన్ కావాలి. డబ్బా మీద 'పాత ఆయిల్' అని పెద్దగా రాయండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోయకండి. పిల్లలకు తేడా తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బాలో ఇంకేమీ కలపకూడదు. పెట్రోలు, కిరోసిన్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, నీళ్లు, ఏదీ వద్దు. ఇంజిన్ ఆయిల్ మురికవుతుంది గానీ పూర్తిగా పనికిరాకుండా పోదు. శుద్ధి చేసే ఫ్యాక్టరీలో నీరు తీసేసి, గాలి ఒత్తిడి తగ్గించి మరిగించి, మసినీ లోహపు పొడినీ వేరు చేస్తే మళ్లీ కొత్త ఆయిల్ తయారీకి పనికొస్తుంది. వేరేవి కలిస్తే తీసుకోరు.

కింద ఒలికితే నీళ్లు కొట్టకండి. మన దగ్గర రైస్ మిల్లులకు కొదవ లేదు, ఊక తెచ్చి చల్లండి. అరగంటలో పీల్చేస్తుంది. ఆ ఊకను సంచిలో కట్టి ఆయిల్ డబ్బాతో పాటే ఉంచండి, పొయ్యిలో వేయకండి. చేతులు పెట్రోలుతో కడగొద్దు. కాస్త కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బు పెట్టండి.

చెదలకని తలుపులకు పూయడానికి, సెంట్రింగ్ రేకులకు రాయడానికి, గేదెల పేలకు పట్టించడానికి అడిగేవాళ్లు నెలకు పదిమంది వస్తారు. నేనివ్వను. కాలిన ఆయిల్‌లో ఉండే మసి ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది. గేదె ఆ ఒంటినే నాకుతుంది. ఇటుక బట్టీల్లో కాల్చడానికి కొనేవాళ్లు డబ్బు ఎక్కువే ఇస్తారు, వాళ్లకీ ఇవ్వకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. మీ డబ్బా నింపి సర్వీస్ సెంటర్‌కో, పాత ఆయిల్‌కి డ్రమ్ములు పెట్టే షెడ్డుకో ఇవ్వండి. ఆ డ్రమ్ములు తీసుకెళ్లేవాళ్లకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందా అని అడగండి. అడిగితే తప్పేం లేదు, నేనూ కాగితం చూశాకే ఇస్తాను.

ఇక బ్యాటరీలు. ఇంట్లో అన్నిటికంటే భయపడాల్సింది చేతి గడియారాల్లో, బొమ్మల్లో, కారు రిమోట్లలో ఉండే బిళ్ల సెల్లుకి. పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేయగలదు. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, అన్నం పెట్టకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి వెళ్లండి. అయిపోయిన సెల్లులోనూ హాని చేసేంత కరెంటు మిగిలి ఉంటుంది. అందుకే తీసిన వెంటనే రెండు వైపులా సెల్లోటేపు అంటించి, ఎత్తైన చోట డబ్బాలో వేయండి.

టీవీ రిమోట్, గోడ గడియారం సెల్లులతో అంత టెన్షన్ లేదు. తెల్లపొడి కారితే చేత్తో ముట్టుకోకుండా గుడ్డతో తుడవండి. వాటిని ప్రమాదకర చెత్తకు పెట్టిన బుట్టలో వేయండి, ఊళ్లలో అయితే చెత్త తీసుకెళ్లే హరిత రాయబారికి విడిగా చేతికివ్వండి. మంటలో మాత్రం వేయొద్దు, పేలతాయి.

ఫోన్ బ్యాటరీ ఉబ్బితే ఛార్జింగ్ ఆపేయండి. గుచ్చకండి, నొక్కకండి. పొడి ఇసుక పోసిన ఇనప గిన్నెలో పెట్టి, ఇంటి బయట నీడలో ఉంచి, ఫోన్ రిపేరు షాపులో ఇచ్చేయండి. 2022 బ్యాటరీ నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే.

బైకు, ఇన్వర్టర్ బ్యాటరీల లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. నిలబెట్టే తీసుకెళ్లండి, పక్కకు పడుకోబెడితే యాసిడ్ కారుతుంది. చర్మానికి తగిలితే పావుగంట ధారగా నీళ్లు పోయండి. కొత్తది కొన్నప్పుడు పాతది ఇస్తే షాపు వాళ్లు డబ్బు తగ్గిస్తారు. కళింగపట్నం నుంచి ఒకాయన వచ్చి, పాత బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగించి వలకు బరువుగా కట్టే గుళ్లు పోసుకుంటానన్నాడు. ఆ పొగా ఆ దుమ్మూ ఇంట్లో పిల్లల మెదడు మీద పడతాయని చెప్పి, ఆయన బ్యాటరీని నేనే షాపులో అమ్మించాను. వచ్చిన డబ్బుతో బజార్లో గుళ్లు కొనుక్కుని బస్సెక్కాడు.