బందరును చూడవలసిన పద్ధతి

చరిత్ర ఉన్న పాత పట్టణానికి వెళ్ళేవారు సాధారణంగా చూడవలసిన స్థలాల పట్టిక ఒకటి రాసుకొని, చూసినదాన్ని చూసినట్లు కొట్టివేసుకుంటూ పోతారు. ఓరుగల్లులోనో, హంపిలోనో ఈ పద్ధతి కొంతవరకు పనికివస్తుంది గానీ బందరులో పనికిరాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో కోరమాండల్ తీరంలోనే పేరుమోసిన రేవుగా వెలిగిన ఈ మచిలీపట్నంలో ఆ వైభవానికి తగిన కట్టడాలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలాయి. కాబట్టి ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టింది, రేవు పోయిన తరువాత దేనిమీద బతికింది అన్న ప్రశ్నలను వెంటబెట్టుకొని వెళ్ళినవారికే బందరు రుచి తెలుస్తుంది.

బయలుదేరే ముందు పటం ఒకసారి చూడండి. హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా వచ్చే 65వ జాతీయ రహదారి బందరుతో ముగుస్తుంది. రైలు మార్గం కూడా ఇక్కడితోనే ఆగిపోతుంది. గోల్కొండ రాజ్యానికి ఈ ఊరే సముద్రద్వారం. గుడ్డలు, వజ్రాలు, ఉక్కు ఇక్కడికి చేరి ఓడలెక్కేవి. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఈ సరుకు కోసమే వచ్చి ఇక్కడ వర్తకశాలలు పెట్టుకున్నారు. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీ పెట్టిన మొదటి స్థావరం ఇదే. మద్రాసు వారి చేతికి వచ్చింది ఆ తరువాత, 1639లో. చిత్రమేమిటంటే, ఇంత పేరున్న రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. సముద్రం లోతు తక్కువ కావడంతో అవి దూరంగా లంగరు వేసుకుంటే, సరుకును పడవల మీద చేరవేసేవారు. ఈ లోపం సంగతి మనసులో ఉంచుకుంటే, రేవు తరువాతి కాలంలో ఎందుకు చిక్కిపోయిందో అర్థం చేసుకోవడం సులభమవుతుంది.

ఊళ్ళోకి చేరిన తరువాత ఆటోలో తిరగడం కన్నా నడవడం మేలు, ఎందుకంటే ఇక్కడ పేటల పేర్లే చాలా చెబుతాయి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు చాలు, ఎవరెవరు ఎక్కడ కాపురమున్నారో చెప్పడానికి. మన పెద్దలు డచ్చివారిని వలందులనీ, ఫ్రెంచివారిని పరాసులనీ అనేవారు. ఆ పేటల్లో వలందుల మేడలో, పరాసుల గిడ్డంగులో కనబడతాయని ఆశపెట్టుకోవద్దు. దూరాలను, దిక్కులను మాత్రం గమనించండి.

బందరు కోటకు ఎండ ముదరక ముందే, ఉదయం పూట వెళ్ళడం మంచిది. కోట అన్న మాట విని గోల్కొండనో, గండికోటనో ఊహించుకొని వెళ్ళినవారు నిరాశపడతారు. ఇక్కడ కొండ లేదు, ఎత్తు లేదు; చుట్టూ ఉన్న చిత్తడి నేలలే ఈ కోటకు అసలైన రక్షణ. 1750 నుంచి ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఈ కోటను 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీకి చెందిన కర్నల్ ఫోర్డు సేనలు రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాయి. ఉత్తర సర్కారులని పిలిచే ఈ తీర జిల్లాలలో ఫ్రెంచివారి పలుకుబడి దానితో ముగిసింది. ఆ సర్కారులను నిజాము 1766లో కంపెనీకి వదులుకున్నాడు. శిథిలాలను చూసిన తరువాత డచ్చివారి సమాధుల దగ్గర కొంచెంసేపు ఆగి, రాళ్ళమీద చెక్కిన వంశచిహ్నాలను, అక్షరాలను తీరికగా చూడండి. పదిహేడో శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌కు, కృష్ణా డెల్టాకు ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చూపే చోటు మరొకటి దగ్గరలో లేదు. సమాధిరాళ్ళ మీదకు ఎక్కడం, సుద్దతో అక్షరాలు దిద్దడం తగని పనులు.

కోట దగ్గర నిలబడినప్పుడు నేల ఎంత చదునుగా ఉందో కూడా గమనించాలి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో పాటు సముద్రం పొంగి ఊరిమీద పడినప్పుడు దాదాపు 30,000 మంది చనిపోయారు. వర్తకం అంతకుముందే మద్రాసు వైపు మళ్ళింది. ఈ ఉప్పెన మిగిలినదాన్ని కూడా చాలావరకు తుడిచిపెట్టింది. 1933లో విశాఖపట్నంలో పెద్ద ఓడలు నేరుగా లోపలికి రాగల రేవు తెరుచుకున్న తరువాత, ఒడ్డుకు దూరంగా లంగరు వేయవలసిన రేవుతో ఎవరికీ అంత పని లేకపోయింది.

రేవు పోయాక ఈ ఊరు చదువును, అచ్చును పట్టుకొని నిలబడింది. నోబుల్ కళాశాల మూలాలు 1843 నాటివి. కృష్ణాపత్రిక 1902లో ఇక్కడే మొదలైంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. జెండా రూపకర్త పింగళి వెంకయ్య గారు అందులో పనిచేశారు. పట్టాభి గారే 1923లో ఆంధ్రా బ్యాంకును కూడా ఈ ఊళ్ళోనే స్థాపించారు. వీటిని లోపలికి వెళ్ళి చూడకపోయినా ఫరవాలేదు, ఆ దారిన ఒకసారి నడిస్తే చాలు.

మిగిలిన సమయమంతా పెడనకు దాచుకోండి. బందరుకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో, ఒకప్పుడు ఓడలెక్కిన కలంకారీ అద్దకం గుడ్డ ఇప్పటికీ తయారవుతున్నది. ఆ గుడ్డల గిరాకీ యూరపులో ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో వాటిని చట్టాలతో కట్టడి చేయవలసివచ్చింది. అద్దకం పని జరిగే చోటికి వెళ్ళినప్పుడు అమ్మకపు గదిలోనే ఆగిపోకుండా, అనుమతి అడిగి పని మొదటి నుంచి చూడండి. ముందుగా గుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి నానబెట్టిన ద్రవంలో టేకు అచ్చును ముంచి అద్దితే, కరక్కాయ పట్టిన గుడ్డమీద అది నల్లగా తేలుతుంది. ఎరుపు సంగతి వేరు. ఎరుపు రావలసిన చోట పటిక ద్రవాన్ని మాత్రమే అద్దుతారు, అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. గుడ్డను ఉతికి, రంగు కాగులో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. ఈ రెండు ఘట్టాలను కళ్ళారా చూసినవారు అద్దకం చీరకు బేరమాడే ముందు కొంచెం ఆలోచిస్తారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అదే డిజైనును చెక్క అచ్చులతో కాక తెర (స్క్రీన్) మీద అచ్చువేసిన గుడ్డలు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడవుతాయి. చేతి అద్దకంలో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట గీతలు కొద్దిగా తప్పడమో, ఒకదానిమీద ఒకటి ఎక్కడమో కనిపిస్తుంది. ఆ తేడా బొత్తిగా లేకుండా, గజాల పొడవునా అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటే అనుమానించండి.

ప్రయాణానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. పైగా ఎండ లేనిదే అద్దకం ఆరదు కాబట్టి, ముసురు పట్టిన రోజుల్లో పెడనలో చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. సాయంత్రం మిగిలితే మంగినపూడికి వెళ్ళి, నల్లమట్టి తీరాన్ని, దానికి దగ్గరలో సాగుతున్న కొత్త ఓడరేవు పనులను చూడవచ్చు. తిరుగు ప్రయాణానికి ముందు బందరు లడ్డు కొనేవారు బెల్లం పాకంతో చేసినదేనా అని అడగాలి. శనగపిండి పూసను వేయించి, దంచి, జల్లించి, పాకంలో కలిపి మళ్ళీ దంచే ఈ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. తాజాగా చేసినది వేళ్ళతో నొక్కితే చాలు, సులభంగా విడిపోతుంది.