మేడమీద బ్యాండు ఆఖరి కచేరీ: మైకు కుయ్యిమనకుండా ఎలా చేయాలి?

నెల్లూరులో సరదా బ్యాండ్లకు ఆయుష్షు తక్కువ. కీబోర్డు వాడికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, పాడే అమ్మాయికి పెళ్లి కుదురుతుంది, అంతే. పోయేముందు ఎవరిదో ఒక మేడ చూసుకుని స్నేహితుల మధ్య ఆఖరిసారి వాయించుకుంటారు. ఇట్లాంటివి నేను తొమ్మిది దగ్గరుండి చేయించాను. అందులో రెండు మా బ్యాండువే. మొదటి వీడ్కోలు అయిన ఆరు నెలలకే మా కీబోర్డు వాడు ఉద్యోగం మానేసి తిరిగొచ్చేశాడు మరి.

రోజు సంగతి. కనుమ మర్నాడు పెట్టుకోండి, అందరూ ఊళ్లోనే ఉంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం మేడ జోలికి పోవద్దు. మనకు అసలు వానలు పడేదే అప్పుడు. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాలి. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పక్కింటి వాళ్లకు ముందురోజే చెప్పి రండి, చేతిలో మలై కాజాల పొట్లంతో.

సామాను: స్టాండ్లతో రెండు స్పీకర్లు, మైకుల శబ్దాన్ని కలిపి పెంచి తగ్గించే చిన్న మిక్సరు, మూడు మైకులు. మైకుసెట్టు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర అన్నీ దొరుకుతాయి. కరెంటు మాత్రం అన్నిటికీ ఎర్తు ఉన్న ఒకే బోర్డు నుంచి లాగండి. తలా ఒక ప్లగ్గు నుంచి లాగితే గిటారులో గుయ్‌మని మోత.

భోజనం పాటలయ్యాకే. ముందు పెడితే సగంమంది మెట్లమీద కూర్చుని కబుర్లలో పడతారు. బిర్యానీ వద్దు, చల్లారితే గడ్డకట్టిపోతుంది. పొద్దున వండిన చేపల పులుసు రాత్రికి ఇంకా బాగుంటుంది.

పాటలు పన్నెండు చాలు. బాలు పెరిగిన ఊరు కాబట్టి ప్రతివాడూ ఆయన పాటే అడుగుతాడు. పన్నెండో పాటకు మీ గొంతు ఆ పైస్థాయి అందుకోలేదు. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ రెండుకు దించండి, దించినట్టు గిటారు వాడికీ చెప్పండి. ఒకసారి మావాడికి చెప్పడం మరిచాం. పల్లవి అయ్యేదాకా రెండు శ్రుతుల్లో సాగింది పాట.

ఇక అసలు తంటా మైకు కుయ్యిమనడం. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి, ఇంకా పెద్దదై స్పీకర్లోంచి వచ్చి, మళ్లీ దూరి... ఆ చక్రమే ఆ కూత. చాలామంది చేసే తప్పు, స్పీకర్లను పాడేవాళ్ల వెనకాల మెట్లగది గోడకు ఆనించి పెట్టడం. ఫొటోల్లో బాగుంటుందట! స్పీకర్లు ఎప్పుడూ మైకులకంటే రెండు మూడడుగులు ముందు, తల ఎత్తున, జనం వైపు తిరిగి ఉండాలి. వాటికి ఎదురుగా నీళ్లట్యాంకు గోడ ఉంటే కాస్త పక్కకు తిప్పండి, గోడకు తగిలిన శబ్దం నేరుగా మైకులోకే వస్తుంది.

మామూలుగా పాడే మైకు ముందువైపు శబ్దాన్నే బాగా తీసుకుంటుంది, వెనకవైపుది వదిలేస్తుంది. వెనకవైపు అంటే తీగ ఉండే చివర. పాడేవాళ్లకు తమ గొంతు వినపడేందుకు కింద మానిటర్ స్పీకరు పెడితే ఆ చివర చూసే వైపే పెట్టాలి. పెదవులకు రెండంగుళాల దూరంలో పట్టుకుని పాడాలి. దూరంగా పట్టుకుంటే ఆపరేటరు వాల్యూమ్ పెంచుతాడు, పెంచితే కూత.

జనం రాకముందే ఈ పరీక్ష చేయండి. మూడు మైకులూ ఆన్‌లో పెట్టి వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోండి. సన్నగా ఈల మొదలైన చోట ఆగి, అక్కడినుంచి బాగా కిందికి దించండి. అదే ఆ రాత్రికి మీ గీత. దాటొద్దు. నాలుగో మైకు కావాలని ఎవరన్నా బతిమాలినా ఇవ్వొద్దు. ఆన్‌లో ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచుకోగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. పాడనివాళ్ల మైకు కట్టేసి ఉంచాలి. శబ్దంలో హెచ్చు, తగ్గు స్థాయిలను విడివిడిగా సరిచేసే ఈక్వలైజరు తిప్పితే చాలంటారు కొందరు. తిప్పీ తిప్పీ గొంతును డబ్బాలో మాటలా చేసేస్తారు. చోటు సరిగా పెట్టుకుంటే ఆ అవసరం చాలావరకు రాదు.

ఇన్ని చేసినా ఆఖరి పాటకు కూత వస్తుంది, ఎందుకంటే అది ఆఖరి పాట. స్నేహితులంతా ముందుకు తోసుకొస్తారు. ఒకడు ఏడుస్తూ మైకు లాక్కుంటాడు, లాక్కుని మైకు తలమీది జాలీని గుప్పిట్లో మూస్తాడు. జాలీ మూస్తే వెనకవైపు శబ్దాన్ని ఆపే గుణం పోయి, మైకు అన్నివైపులనుంచీ లాగుతుంది. అదే ఊపులో స్పీకరు ముందుకు నడుస్తాడు. మా రెండో వీడ్కోలులో సరిగ్గా ఇదే జరిగింది. వీధి కుక్కలన్నీ అందుకున్నాయి, వీడియోలో పాటకంటే అవే బాగా వినిపిస్తాయి.

కాబట్టి ఆఖరి పాటకు మిక్సరు దగ్గర పాడనివాడు, ఏడవనివాడు ఒకడు కూర్చోవాలి. రెండు మైకులు అతను కట్టేయాలి. మూడోది స్టాండుకు బిగించి ఉండాలి, చేతికి అందకూడదు. ‘అబ్బయా, మైకు వదిలి గొంతెత్తి పాడండి’ అని జనానికి ముందే చెప్పండి. ముప్పైమంది మేడమీద పాడితే మైకుతో పనేముంది?

అయ్యాక కేబుళ్లు లెక్కపెట్టి చుట్టండి. ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. చాపల కింద చూడండి, అక్కడే ఉంటుంది.