బైండ్‌లో లోపలికీ బయటికీ వేర్వేరు వ్యూలు పెట్టే ముందు

బైండ్ అంటే పేరు అడిగితే ఐపీ చెప్పే డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్; వ్యూ అంటే అడిగేది ఎవరో చూసి వేరే జవాబిచ్చే విభాగం. బయటి వ్యూలో రికర్షన్ (తనది కాని పేర్లకీ జవాబు వెతికిపెట్టడం) 'నో' అని ఉందా? ముందు ఇదే చూడండి. తెరిచి వదిలేస్తే ఎవడో దొంగ ఐపీతో చిన్న ప్రశ్న వేస్తాడు, మీ సర్వర్ పెద్ద జవాబు తీసుకెళ్లి ఇంకెవరి నెత్తినో కుమ్మరిస్తుంది.

కాన్ఫిగ్‌లో లోపలి వ్యూ పైన, 'ఎనీ' (ఎవరైనా సరే) అని రాసింది కింద ఉండాలి. బైండ్ మొదట సరిపోయిన దగ్గరే ఆగిపోతుంది.

జోన్లన్నీ (ఒక్కో డొమైన్ రికార్డులు) వ్యూల్లోనే ఉండాలి. ఒక్కటి బయట మిగిలినా కాన్ఫిగ్ లోడవదు.

సెకండరీకి (జోన్ కాపీ ఉంచుకునే రెండో సర్వర్‌కి) వ్యూకో టీసిగ్ కీ (సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే రహస్య కీ) ఇవ్వండి. సెకండరీ ఐపీ లోపలిదైతే, కీ లేకుండా రెండుసార్లూ లోపలి జోనే వెళ్తుంది. అప్పుడు మీ 10.0.0.5 లాంటి లోపలి ఐపీలు లోకమంతా చూస్తుంది.

ఫైర్‌వాల్‌లో డీఎన్ఎస్ పోర్టు 53కి యూడీపీతో పాటు టీసీపీ కూడా తెరవండి, యూడీపీలో పట్టని జవాబులు దాని మీదే వస్తాయి.

చివరగా డిగ్ (డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగి చూసే కమాండ్) మొబైల్ డేటా మీద కొట్టండి. ఆఫీసు వైఫైలో లోపలి వ్యూయే కనిపిస్తుంది.