మాత్రలు వేసుకుంటున్నా షుగర్ దిగట్లేదా? ఒకసారి నడుము కొలవండి

సమస్య: మాత్రలు టైంకి పడుతున్నాయి, టీలో చక్కెర కూడా మానేశారు, అయినా పరగడుపు షుగర్ 150 కిందికి రాదు. మా అనంతపురం సైడ్ చాలామందిది ఇదే బాధ. చేతులు కాళ్లు సన్నగానే ఉంటాయి, పొట్ట ఒక్కటే ముందుకొచ్చి ఉంటుంది, మెడ వెనక నల్లగా మందంగా పట్టుంటే మురికి అనుకుని రుద్దుతుంటారు, అది రుద్దితే పోయేది కాదప్పా, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదని చాలాసార్లు అదే గుర్తు.

కారణం: పొట్ట లోపలి కొవ్వు ఊరికే పడుండదు, హార్మోన్లు వదుల్తుంది. వాటిలో అడిపోనెక్టిన్ మంచిది, ఇన్సులిన్ పనికి సాయం చేస్తుంది, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకి కాపలా కూడా, కానీ కొవ్వులోనే పుట్టే ఈ హార్మోన్ పొట్ట పెరిగేకొద్దీ తగ్గిపోతుంది! 1994లో కనిపెట్టిన లెప్టిన్ ఆకలిని ఆపాలి, లావైనోళ్లలో అది ఎక్కువే ఉంటుంది గానీ మెదడు వినదు. పైగా ఆ కొవ్వు నుంచి ఫ్యాటీ యాసిడ్లు లివర్‌కి చేరతాయి, లివర్ ఇన్సులిన్ మాట లెక్కచేయకుండా రాత్రంతా గ్లూకోజ్ వదుల్తానే ఉంటుంది, పొద్దున రీడింగ్ అందుకే ఎక్కువ. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఇంకా ఇంకా తయారుచేయాల్సొచ్చే బీటా కణాల పరిస్థితి రెండెడ్ల బండిని ఒంటెద్దు లాగినట్టు, కొన్నేళ్లకి అలిసి పడిపోతాయి.

పరిష్కారం: టేపు తీసుకోండి. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ముందు అది తగ్గాలి. సంగటి షుగర్‌కి మంచిదని రెండు ముద్దలు తినేస్తారు, అదీ పిండిపదార్థమే, ఒక ముద్ద చాలు, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోండి. చెనిక్కాయలు గుప్పెడు దాటొద్దు. తిన్నాక నడవండి. బ్రిటన్‌లో 2017లో వచ్చిన 'డైరెక్ట్' (DiRECT) అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు 15 కిలోలు, ఆపైన తగ్గితే 86 శాతం మందికి ఏడాదికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకొచ్చింది, అంటే అలిసిన కణాలు మళ్లీ కోలుకోగలవు, నాకైతే ఇంతకన్నా ధైర్యమిచ్చే మాట లేదు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం డాక్టరుకి చెప్పకుండా తిండి తగ్గించొద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

ఇంకో సమస్య: పొట్ట లేదు, ఏం చేయకుండానే బరువు పడిపోతోంది, షుగర్ ఎక్కువ. ఇక్కడ ఇన్సులినే తక్కువై ఉండొచ్చు. తిండి తగ్గించకండి, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చూపే సీ-పెప్టైడ్ టెస్ట్ గురించి డాక్టరుని అడగండి, వాంతులు, ఆయాసం ఉంటే ఆ పూటే ఆస్పత్రికి పోండి.